పన్నెండు జొన్న బస్తాల వెనక మాచర్ల దాకా

పల్నాడు చూడాలని నేను బయల్దేరలేదు. నేను చేసిన పొరపాటు ఒకటి నాకంటే నాలుగు రోజుల ముందే లారీ ఎక్కి అటు వెళ్ళింది. దాన్ని వెనక్కి తేవడానికి వెళ్ళాను.

మాది కోనసీమ. మూడేళ్ళుగా హైదరాబాదులో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో ప్రోగ్రాములు రాస్తున్నాను. నరసరావుపేటలో రైతులు కలిసి నడుపుకునే గిడ్డంగి సంఘం ఒకటి ముచ్చటపడి కంప్యూటర్ కొనుక్కుంది. ఏ బస్తా ఏ దొంతిలో ఉందో చెప్పే ప్రోగ్రాం నేను రాసిచ్చాను. మొదట అందులో మూడు లిస్టులు ఉండేవి. మిరపకాయలకు ఒకటి, తిండి గింజలకు ఒకటి, విత్తనాలకు ఒకటి. మేం వాడే పాస్కల్ భాషలో లిస్టు రాసేటప్పుడే అందులో ఏం పెడతామో చెప్పాలి. మిరప లిస్టులో విత్తనం బస్తా పెట్టమని రాస్తే ఆ ప్రోగ్రాం అసలు తయారే కాదు. తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

చిక్కేమిటంటే, చేర్చడం, వెతకడం, తీయడం అన్నిటికీ ఒకటే పని. అయినా మూడుసార్లు రాయాలి. తరవాత సంఘం వాళ్ళు పత్తి అన్నారు, కందులు అన్నారు, ఎరువులు అన్నారు. ప్రతిసారీ పాతది నకలు తీసి, పేర్లు మార్చి కొత్త లిస్టు చేసేదాన్ని. ఒకదాంట్లో దొరికిన తప్పు దిద్ది, మిగిలిన వాటిలో దిద్దడం మర్చిపోయేదాన్ని. చివరికి విసుగొచ్చి అన్ని లిస్టులూ తీసేసి, ఏ సరుకైనా పట్టే ఒకే ఒక్క లిస్టు రాశాను. సరుకు పేరు, బస్తాలెన్ని, దొంతి నంబరు. అంతే. ముందు వచ్చిన సరుకు ముందు బయటికి పోవాలని ఒక నియమం. ప్రోగ్రాం మూడో వంతుకు తగ్గిపోయింది. మా మేనేజరు మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉంది.

విత్తనాల జొన్నా జొన్నే, తినే జొన్నా జొన్నే అన్న సంగతి నాకు తట్టలేదు.

నరసరావుపేట

సంఘం వాళ్ళు రమ్మని ఫోను చేస్తే బయల్దేరి, పొద్దున్నే రైలు దిగి స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. మా వైపు ఇడ్లీ అంటే కొబ్బరి చట్నీ. ఇక్కడ ఆకు మీద ఇడ్లీ పెట్టి, పైన ఎర్రగా కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి వేశారు. నాలుగిడ్లీలు రూపాయిన్నర. రెండో ఇడ్లీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కన కూర్చున్న పెద్దమనిషి తన మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు.

గిడ్డంగిలో అడుగుపెట్టగానే మిరప ఘాటుకు ఆగకుండా తుమ్ములు. అక్కడ పనిచేసే వాళ్ళెవరికీ తుమ్ము రాదు. నాకు తుమ్ములు ఆగేదాకా సంఘం ప్రెసిడెంటు గారు ఓపిగ్గా నిలబడ్డారు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ పంచె, పెద్ద కమతం, ఊరి రాజకీయాల్లో ఆరితేరిన మాటతీరు. జరిగింది ఆయనే చెప్పారు. నాలుగు రోజుల కిందట జొన్నలు పన్నెండు బస్తాలు కావాలని వస్తే లారీకెత్తారు. ఆరు గురజాలలో ఒక కొట్టుకు, ఆరు మాచర్ల దగ్గర నాపరాయి క్వారీకి. క్వారీలో కూలీలకు జీతంతో పాటు జొన్నలు కూడా కొలుస్తారు. తొలకరి దగ్గర పడిందని నిన్న విత్తనాల గది తెరిచి చూస్తే అక్కడి దొంతి ఖాళీ. తినే జొన్నల దొంతి చెక్కు చెదరలేదు. వెళ్ళినవి గులాబీ రంగు పురుగుమందు పొడి కలిపిన విత్తనాలు. ఎలుకలు సంచులు కొట్టేశాయని వాటిని మామూలు గోనెల్లోకి మార్చడంతో బయటికి తేడా తెలియదు. క్వారీ దగ్గర ఫోను లేదు. మాచర్లలో ఉన్న కాంట్రాక్టరు ఇంటికి చేస్తే ఆయన ఊళ్ళో లేడన్నారు.

"కంప్యూటర్ తప్పు చెప్పదు గదమ్మా. మనిషే తప్పు లాగాడు" అన్నారు ప్రెసిడెంటు గారు. "హమాలీ మేస్త్రి సైదులు చేసిన పని. నిన్ననే పనిలోంచి ఆపేశా. నువ్వొకసారి మిషన్ చూసి, దాంట్లో దోషం లేదని రాసిచ్చి పో."

ఆ మాట ఆయన నన్ను గౌరవించి అన్నారు. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఏ దొంతిలోంచి తీయాలో ప్రోగ్రాం అచ్చువేసిన చీటీ లారీతోనే వెళ్ళింది, దానికి ఆఫీసులో నకలు లేదు. కాగితం దండగని నకలు తీయడం మాన్పించింది నేనే. కాని ప్రోగ్రాం తను ఇచ్చిన జవాబులు దాచుకుంటుంది. తెరిచి చూశాను. జొన్న, పన్నెండు, దొంతి ఇరవై ఏడు. ఇరవై ఏడో దొంతి ఏ గదిలో ఉందని గుమస్తాను అడిగాను. విత్తనాల గదిలో అన్నాడు.

విత్తనాలు ముందొచ్చాయి. తిండి గింజలు తరవాత వచ్చాయి. ముందొచ్చిన జొన్న ముందు పోవాలని నేను రాశాను. అది అలాగే చేసింది.

ఎదురుగా ప్రెసిడెంటు గారు కాఫీ తాగుతున్నారు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. నాపరాళ్ళకోసం ఖాళీ లారీ మాచర్ల వెళ్తోందని, బస్తాలు గుర్తుపట్టడానికి సైదుల్ని అందులో పంపిస్తున్నామని ఆయన అంటుంటే, నేనూ వెళ్తానన్నాను. ఆడపిల్లవి, ఈ ఎండలో ఎందుకమ్మా అన్నారు. ఎందుకో చెప్పకుండానే మర్నాడు లారీ ఎక్కాను.

లారీలో

క్యాబిన్‌లో డ్రైవరు, మధ్యలో సైదులు, కిటికీ పక్కన నేను. సైదులుకు యాభై ఏళ్ళుంటాయి. మెడ వెనక బస్తాలు మోసిన కాయ. పనిలోంచి తీసేసిన మనిషిలో నేను ఊహించుకున్న కోపం, దీనత్వం ఏవీ కనిపించలేదు. నా మోకాళ్ళ మీద ఫ్లాపీల రేకు డబ్బా చూసి, అందులో అన్నం తెచ్చుకున్నావా అమ్మా అని అడిగాడు. ప్రోగ్రాం అని చెబితే, అంత పెద్ద మిషన్ చదివేది ఇంత డబ్బాలో పడుతుందా అని ఆశ్చర్యపోయాడు.

నకరికల్లు దాటాక నేల రంగు మారింది. మా వైపు దడి అంటే కొబ్బరి మట్టలు, లేకపోతే వెదుళ్ళు. ఇక్కడ మనిషి ఎత్తు నాపరాతి బండల్ని నిలువునా పాతి దడి కడతారు. పశువుల పాక మీదా బండలే, ఇంటి ముందు అరుగూ బండే. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర చెట్లు, గొడ్లు, మనుషులు అంతా తెల్లగా పిండి రాసుకున్నట్టు ఉన్నారు. అక్కడ టీకి ఆగితే డ్రైవరు దగ్గర డబ్బు తీసుకుని నా దగ్గర తీసుకోలేదు. మా ఊరు కాని ఆడపిల్ల దగ్గర అర్ధరూపాయి ఏం తీసుకుంటానన్నాడు టీ కొట్టతను.

దారిలో సైదుల్ని పని గురించి అడిగాను. సంకోచం లేకుండా చెప్పాడు. అడుగున చెక్కలు పరవడం, మూలలు కలిపి కట్టడం, గోడకు జానెడు ఎడం వదలడం, పాత సరుకు చేతికందే వైపు ఉంచడం. మిరపకాయలకూ అంతే, జొన్నలకూ అంతేనా అన్నాను.

"దొంతి కట్టే తీరు ఒకటేనమ్మా, ఏ సరుకైనా. గదికి మాత్రం ముందు పేరు పెట్టుకుంటాం. ఆ పేరుది గాని బస్తా గడప దాటి లోపలికి పోదు."

కిందటి ఏడాది ఒక విదేశీ పత్రిక జిరాక్సు మా ఆఫీసుకు వచ్చింది. అందులో సరిగ్గా ఇదే ఉంది. కొన్ని కొత్త భాషల్లో లిస్టు ఎలా పనిచేయాలో ఒక్కసారి రాసి, అందులో ఏముంటుందన్న చోట ఖాళీ వదలవచ్చట. కావాల్సినప్పుడు ఆ ఖాళీలో పేరు నింపితే మిరప లిస్టు ఒకటి, విత్తనాల లిస్టు ఒకటి తయారవుతాయి. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పెట్టబోతే భాషే ఒప్పుకోదు. చదివి, బాగుందనుకుని, మన పాస్కల్‌లో లేదుగదా అని పక్కన పడేశాను. లేనప్పుడు నేను చేయాల్సింది ఓపిగ్గా ఆరుసార్లు రాయడం. నేను చేసింది గదుల మధ్య గోడలు తీసెయ్యడం.

కాసేపయ్యాక సైదులే చెప్పాడు. లారీకెత్తిన రోజు బస్తా భుజానికి రాగానే మందు వాసన తెలిసిందట. ఇవి విత్తనాలయ్యా అని గుమస్తాకు చెప్పాడట. కంప్యూటర్ ఇరవై ఏడు అంటే ఇరవై ఏడే, నీకంటే దానికి తెలవదా అన్నాడట గుమస్తా. ఇప్పుడు ఆ మాట అనలేదంటున్నాడట. ముప్పై ఏళ్ళలో ఒక్క బస్తా మారలేదని, ఆ సంగతి పేటలో ఎవరినడిగినా చెబుతారని సైదులు అన్నాడు. అని, నా కిటికీ వైపు ఎండ పడుతోందని తన తువ్వాలు తీసి కిటికీకి అడ్డం కట్టాడు.

అప్పుడూ చెప్పలేదు.

గురజాల

గురజాల కొట్టు ఆదెమ్మ గారిది. అరవై ఏళ్ళావిడ. ఒక పక్క కిరాణా, వెనక వసారాలో నలుగురైదుగురికి భోజనం. మేం లారీ దిగేసరికి ఆరు బస్తాలూ బయట అరుగు మీద విడిగా పడున్నాయి. వాటి చుట్టూ ముళ్ళకంప వేసి ఉంది. ఒక బస్తా మూతి విప్పగానే గులాబీ రంగు, వాసన చూసి అనుమానం వచ్చిందట. పేటకు చెప్పమని బస్సు కండక్టరుతో కబురు పంపారట. ఆ కబురు మాకు చేరలేదు.

సైదులు ఒక్కో బస్తా తట్టి, బరువు చూసి, ఆరూ ఉన్నాయన్నాడు. బస్తాలు ఎత్తబోతే ఆదెమ్మ గారు అడ్డుకున్నారు. మంచి జొన్నలు ఎప్పుడొస్తాయో చెబితేగాని కదలనివ్వనన్నారు. రెండు రోజుల్లో పంపుతామని సైదులు మాటిచ్చాక, సరే వచ్చేటప్పుడు ఎత్తుకుపోండి, ముందు అన్నం తినిపోండి అన్నారు. అన్నం అన్నారు గాని పెట్టింది జొన్నరొట్టె. పోయినేడు తన చేలో పండిన జొన్నలట. పల్చగా, అరచేతులతో చరిచి కాల్చిన రొట్టె, గోంగూర, పచ్చి ఉల్లిపాయ, పండుమిరప కారం. మా ఇంట్లో రొట్టెకు మెతుకంత మర్యాద లేదు. జ్వరం వచ్చినవాళ్ళు తినేదది. ఇక్కడ వేడిగా ఒక్కొక్కటే వచ్చి ఆకులో పడుతుంటే నేను మూడు తిన్నాను. కారానికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఆవిడ మజ్జిగ పోసి, మీ గోదావరోళ్ళకి బెల్లం తప్ప తెలవదంట గదా అని నవ్వారు.

ఎక్కిళ్ళు తగ్గేదాకా కొట్లో కూర్చుని చూశాను. నూనె డబ్బాకు ఒక గరాటు, కిరసనాయిలు పీపాకు ఒక గరాటు. కిరసనాయిలు గరాటును పీపాకు తాడుతో కట్టేశారు, ఆ తాడు నూనె డబ్బా దాకా రాదు. ఉప్పుకు కొలత వేరు, పప్పులకు వేరు. ఎవరు నేర్పారని అడిగాను.

"ఒకరు నేర్పేదేముందే" అన్నారు. "మా మరిది నేను లేనప్పుడు కొట్లో కూచునేవాడు. మంచోడే, పరధ్యానం. అందుకని కట్టేశా."

పల్నాట మొదటిసారి నన్ను 'ఏమే', 'ఏందే' అన్నది ఆవిడే. మా వైపు కొత్తవాళ్ళను అలా పిలిస్తే గొడవే. ఆవిడ నోట అది దగ్గరి మాటలా వినిపించింది. విత్తనాల లిస్టుకు తినడానికి ఇచ్చే చీటీ రాసే పనే ఉండకూడదన్నది నాకు ఆ కొట్లో తెలిసింది. పేరు వేరుగా ఉంటే చాలదు. దాంతో ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో కూడా కట్టేసి ఉండాలి.

రెంటచింతల దాటుతూ

రెంటచింతల ఎండ గురించి వార్తల్లో వినడమే. లారీ ఆగితే దిగి, రోడ్డు పక్క బండ మీద కూర్చోబోయి అరిచి లేచాను. చీర మీంచే కాలింది. డ్రైవరు, సైదులు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకూ నవ్వొచ్చింది. మళ్ళీ లారీ ఎక్కి చూస్తే, నేను ఇంజను మూత మీద పెట్టిన రేకు డబ్బాలో ఫ్లాపీలు అప్పడాల్లా వంకర్లు పోయాయి. అసలుది పేటలో ఉంది కాబట్టి నష్టం లేదు. అయినా ఆ డబ్బా అలా తెరిచి చూస్తున్నప్పుడు, దాన్ని అంత జాగ్రత్తగా మోసుకొచ్చినందుకు సిగ్గేసింది.

మాచర్ల

క్వారీ ఊరికి కొంచెం దూరం. నేల పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి పెట్టి ఓపిగ్గా తడుతూ పోతే బల్లంత బండ చప్పుడు లేకుండా విడివస్తుంది. ఆడవాళ్ళు ముక్కలు మోస్తారు, మగవాళ్ళు పొర విప్పుతారు. మేం వెళ్ళేసరికి ఎవరూ పని చేయడం లేదు. గుడిసెల ముందు ఏడెనిమిది కోళ్ళు చచ్చిపడున్నాయి.

క్వారీ మేస్త్రి చెప్పాడు. ముందు రోజు జీతాలతో పాటు రెండు బస్తాలు కొలిచారట. గులాబీ రంగు అందరూ చూశారు. సంచి రంగు దిగిందేమో అనుకున్నారు. పొద్దున్నే ముత్యాలు అనే ఆమె మొదట రొట్టెలు చేసుకుంది. ఒక రొట్టె తిని, రెండోది మొగుడి కోసం కాలుస్తూ పడిపోయింది. వాంతులు, నోట్లోంచి నురగ. మిగిలిన వాళ్ళు పిండి పారబోస్తే కోళ్ళు తిన్నాయి. ముత్యాల్ని రాళ్ళ లారీలో మాచర్ల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

సైదులు విప్పని నాలుగు బస్తాలు లారీకెత్తించి, గుడిసె గుడిసెకూ వెళ్ళి మిగిలిన గింజలు మా బస్తాల్లో పోయించాడు. ఒక ముసలాయన ఇవ్వనన్నాడు. నాలుగు నీళ్ళలో కడిగితే పోతుంది, ఇంత గింజ ఎట్టా పారేస్తామన్నాడు. సైదులు ఆయన పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. మందు గింజ లోపలికి దిగుతుందని, తన తమ్ముడు చేనుకు మందు కొట్టి వచ్చి చేతులు కడక్కుండా అన్నం తిని ఏమయ్యాడో చెప్పాడు. ఆ కథ నేను అప్పుడే విన్నాను. ముసలాయన చాట ఎత్తి బస్తాలో పోశాడు.

అక్కణ్ణించి ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు కుర్రవాడే, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. లోపలికి వెళ్ళిన మందు ఏదో తెలియక అనుమానం మీద వైద్యం చేస్తున్నానన్నాడు. నా లిస్టులో పేరు, లెక్క, దొంతి నంబరు తప్ప మందు అన్న మాటకే చోటు లేదు. సైదులు మొలలోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి ఇచ్చాడు. విత్తనాల గదిలో మందు డబ్బా మీద అంటించి ఉన్న కాగితం. బయల్దేరే ముందు గోటితో గీకి తెచ్చాడట.

"ఎవరన్నా తినుంటే డాక్టరు ఇదే గదా అడిగేది" అన్నాడు.

డాక్టరు ఆ పేరు చదివి నర్సును పిలిచి, ఇంజెక్షను మార్చాడు.

ఆసుపత్రి వసారా

నర్సమ్మ తన క్వార్టర్లో నాకు చాప వేసింది. పొద్దున్నే వెళ్ళేసరికి ముత్యాలు లేచి గోడకానుకుని కూర్చుని ఉంది. పాతికేళ్ళ మనిషి. మొగుడు పక్కన నేల మీద. గండం గడిచిందని డాక్టరు చెప్పాడు. సైదులు వసారాలో చెప్పులు విప్పి నిలబడ్డాడు.

నువ్వెవరమ్మా అని అడిగింది ముత్యాలు. నర్సనుకుంది. ఇంక దాచలేకపోయాను. గిడ్డంగి బస్తాలు చూసే మిషన్‌కు ఏం చేయాలో రాసింది నేనేనని, విత్తనాలు వేరు, తిండి వేరు అని దానికి చెప్పకుండా రాశానని, అందుకే ఇవి మీ దాకా వచ్చాయని చెప్పాను. ముత్యాలు మొగుడు లేచి నిలబడ్డాడు. ఏమంటాడో అని చూశాను. బయటికి వెళ్ళిపోయాడు.

ముత్యాలు నా వైపు తిరిగింది.

"రంగు చూసి నాకూ అనుమానమేసింది. మూడుసార్లు కడిగా" అంది. "సంచి మీద ఏదన్నా రాసుంటే మా ఆయనతో చదివించుకునేదాన్ని. ఏం రాయలా."

రాయలేదన్నాను. చెయ్యి పట్టుకుందామని నా చెయ్యి ముందుకెళ్ళింది. ఆమె పట్టుకోనిచ్చింది. అరచేయి రాతిలాగా గరుగ్గా ఉంది. కాసేపటికి, నీకు పెళ్ళయిందా, మీ ఊళ్ళో వానలు పడ్డాయా అని అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను.

బయటికి వచ్చేసరికి సైదులు వసారా చివర ఉన్నాడు. నా మాటలన్నీ విన్నాడు. నేను ఎదురుగా వెళ్ళి, బాబాయ్, చీటీలో ఇరవై ఏడు వేసింది మిషనే, నేను అది పేటలోనే చూశాను, నువ్వు లాగింది సరైన దొంతే అన్నాను. ఆ మాట అనడానికి మూడు రోజులు పట్టింది.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. లారీ దగ్గరికి నడుస్తూ, పద అన్నాడు. అంతే. ఈసారి కిటికీకి తువ్వాలు కట్టలేదు.

మళ్ళీ పేట

గురజాలలో బస్తాలు ఎత్తుకుని పేట చేరాం. మర్నాడు పొద్దున ప్రెసిడెంటు గారి ముందు, గుమస్తా ముందు, సైదులు ముందు కంప్యూటర్ తెరిచి దొంతి ఇరవై ఏడు చూపించాను. విత్తనాల జొన్న ముందొచ్చింది కాబట్టి అదే ఇచ్చిందని, దానికి తేడా తెలియకుండా రాసింది నేనని చెప్పాను. గుమస్తా తల వంచుకున్నాడు.

ప్రెసిడెంటు గారికి కోపం వచ్చింది. రావడం న్యాయమే. పరువు పోయిందని, ఇంత డబ్బు పోసి కొన్న మిషన్ ఇట్టా చేస్తే రైతులకు ఏం చెప్పమంటావని అడిగారు. మా కంపెనీకి ఫోను చేసి గట్టిగా మాట్లాడారు. మాట్లాడాక వక్క నోట్లో వేసుకున్నారు. తరవాత సైదుల్ని చూసి, రేపటి నుంచి పనిలోకి రారా అన్నారు. ఆపేసిన రోజుల కూలీ ఇప్పిస్తానన్నారు. ముత్యాలు ఆసుపత్రి ఖర్చు, ఆమె లేవలేని రోజుల కూలీ సంఘం ఇస్తుందని చెప్పారు. విత్తనం బస్తాలు మళ్ళీ గదిలో చేర్చి, తినే జొన్నలు గురజాలకూ క్వారీకీ లారీకెత్తించారు.

నేను అక్కడే మూడు రోజులు ఉండి ప్రోగ్రాం మార్చాను. ఈసారి ఆరు లిస్టులు చేతితో రాయలేదు. లిస్టు ఒక్కసారే రాసి, సరుకు పేరు రావాల్సిన చోటల్లా ఒక గుర్తు పెట్టాను. పేరు చెబితే ఆ గుర్తు ఉన్నచోటల్లా పేరు నింపి పూర్తి లిస్టు తయారుచేసే చిన్న ప్రోగ్రాం ఇంకోటి రాశాను. భాష ఇవ్వని సౌకర్యం ముతకగానైనా చేసుకున్నాను. విత్తనాల లిస్టులోంచి రైతు పేరు, పొలం లేకుండా బస్తా బయటికి తీసే దారే లేదు. మందు పేరు ఉంటేగాని బస్తా అందులో చేరదు. చీటీకి నకలు వస్తుంది. చీటీ మీద మేస్త్రి వేలిముద్ర లేనిదే లారీ కదలదన్న నియమం మాత్రం ప్రెసిడెంటు గారు పెట్టిందే.

పరీక్షించడానికి తిండి జొన్నల లిస్టులో విత్తనం బస్తా పెట్టమని రాసి చూశాను. ప్రోగ్రాం తయారు కాలేదు. ఫలానా వరసలో తప్పుందని తెర మీద చూపించింది. పక్కనున్న గుమస్తా పాడైందా అని కంగారుపడ్డాడు. ఇప్పుడు బాగుపడిందన్నాను.

వచ్చేసే రోజు గేటు దగ్గర సైదులు ఎదురొచ్చాడు. బండల దడి పక్క నీడలో నిలబడ్డాం. పేట వంకాయలు నాలుగు గుడ్డలో కట్టి ఇచ్చాడు. నా మీద కోపం పోయిందా అని అడిగాను.

"చెప్పావు గాబట్టి సరేలేమ్మా" అన్నాడు. "నువ్వు చెప్పకపోతే నేనేం జెయ్యాలి? నా మాట చానామందికి తెలుసు. నీ మిషన్ మాట అందరూ నమ్ముతారు."

ఆయన జవాబు కోసం ఆగలేదు. లోపల లారీ హారన్ మోగితే వెళ్ళిపోయాడు.

హైదరాబాదు

మా మేనేజరు చెడామడా తిట్టి, తరవాత ఆ నింపుడు ప్రోగ్రాం కంపెనీలో అందరికీ ఇమ్మన్నారు. మేం రాసే ప్రతి ప్రోగ్రాంకూ పైన కొన్ని వరసలు ఉంటాయి, రాసినవాళ్ళ పేరు, ఎందుకు రాశారన్నది. యంత్రం వాటిని చదవదు, దాటిపోతుంది. నా పేరు కింద ఇంకొన్ని వరసలు చేర్చాను. ఇంతకుముందు ఇది అన్ని సరుకులకూ ఒకటే లిస్టుగా ఉండేదని, దాని వల్ల మాచర్లలో ముత్యాలు అనే ఆవిడ మందు కలిపిన జొన్నరొట్టె తిన్నదని, నిజం చెప్పిన సైదులు అనే మేస్త్రిని పనిలోంచి ఆపారని, విసుగుతో గోడలు తీయవద్దని రాశాను.

నిన్న మా విభాగంలో కొత్తగా చేరిన సుజాత ఆ ప్రోగ్రాం తీసుకుంది. మందుల దుకాణానికి ఏదో రాయాలట. గంట తరవాత కాగితాలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. పైవరసల మీద వేలు పెట్టి, ఈ ముత్యాలు ఎవరక్కా, ఇప్పుడెలా ఉంది అని అడిగింది.

మళ్ళీ రాయి మోస్తోందట, సైదులు లారీ డ్రైవరుతో కబురు పంపాడు అన్నాను. కుర్చీ లాక్కుని కూర్చో, మొదటి నుంచి చెబుతానన్నాను.